సన్మానవేదికపై నవ్వు

సన్మానసభలు మనకు క్రొత్తవి కావు. శాలువ కప్పుట, పూలదండ వేయుట, సన్మానపత్రము చదువుట, పిమ్మట సన్మానితులు లేచి ఈ గౌరవము తమది కాదనియు, తమ్ము పెంచిన పెద్దలదనియు, సభలోని వారందఱిదనియు చేతులు జోడించి చెప్పుట, ఇవి సోదరీమణులందఱు ఎఱిగినవే. సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసినది మొదలు మన హైదరాబాదు నగరమున నిట్టి సభలు ఎన్ని జరిగెనో లెక్కింపజాలము. వినువారు కునికిపాట్లు పడుటయు, వెనుక వరుసలోని పిల్లలు ఇంటికి పోదమని మారాము చేయుటయు సభలో భాగములే. అట్టివేళ మాటలాడువారు ఒక్క చమత్కారము విసరిరేని సభ యంతయు మేలుకొనును. ఆ చమత్కారమును గుఱించియే ఈ మాసము వ్రాయదలచితిమి. అది వట్టి వినోదమే యైనచో ఇన్ని పుటలు అక్కఱలేదు. ఒక్కొక్కప్పుడు ఆ నవ్వు వెనుక ఏండ్ల తరబడి దిగమ్రింగుకొన్న మనస్తాపము దాగియుండును. నలుగురు కలిసి సంపాదించిన కీర్తిని నలుగురును కలిసి పుచ్చుకొనవలసి వచ్చినప్పుడు, ఆ నలుగురిలో మాటలు లేకపోయినచో ఏమి జరుగును? మాకు ఆసక్తి కలిగించిన విషయమిది.

మన తెలుగువారితోనే మొదలు పెట్టుదము. 2023 జనవరి 10వ తేదీన అమెరికాలో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రములోని 'నాటు నాటు' పాటకు గోల్డెన్ గ్లోబ్ బహుమానము వచ్చినది. అందుకొన లేచినవారు సంగీతదర్శకులు ఎం. ఎం. కీరవాణిగారు. ఈ బహుమానము నిజమునకు వేఱొకరిదని చెప్పుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారమనియు, కావున తాము మాత్రము ఆ మాట చెప్పరాదని అనుకొంటిమనియు, కాని విచారకరమైన సంగతి యేమన, ఆ యాచారమునే మరల పాటింపవలసి వచ్చినదనియు, ఏలయన తమ విషయమున ఆ మాట సత్యమనియు వారు పలికిరి. సభ నవ్వినది. ఆ నవ్వు చల్లారకముందే పేర్లు వరుసగా వచ్చినవి: చిత్రమునకు దర్శకులును తమకు సోదరులును అగు రాజమౌళిగారు మొదట, పిమ్మట నాట్యము కూర్చిన ప్రేమ్ రక్షిత్, పాట వ్రాసిన చంద్రబోసు, పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ, ఊపిరి బిగబట్టి ఆడిన యిద్దఱు కథానాయకులు, తమ ధర్మపత్ని శ్రీవల్లిగారు. రాజమౌళిగారును కీరవాణిగారును అన్నదమ్ముల బిడ్డలు. ఒకే యింటివారు కలిసి పని చేయునప్పుడు ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక యను ప్రశ్న ఎంత సున్నితమో ఉమ్మడి కుటుంబములో కాపురము చేసిన సోదరీమణులకు వేఱుగ చెప్పబనిలేదు. అఱిగిపోయిన మాటను ముందు నవ్వుతో కడిగి, పిమ్మట దానిని నిజముగ వాడిన నేర్పు మాకు నచ్చినది.

ఆ పాట పాడినవారిలో రాహుల్ మన పేటవాడే యని చెప్పుకొనవచ్చును. ఉస్మాన్‌గంజ్ నుండి అల్లంత దూరముననున్న మంగళ్‌హాటు ఆతని పెరిగిన చోటు. 2023 మార్చి 12వ తేదీ రాత్రి లాస్ ఏంజెలిస్ నగరమున ఆస్కారు సభలో కాలభైరవతో కూడి ఆతడా పాట పాడుచుండగా ఇచ్చట 13వ తేదీ సోమవారము ప్రొద్దున. భారతీయ చిత్రములోని పాటకు ఆ సభలో బహుమానము వచ్చుట అదియే ప్రథమము. కీరవాణిగారు ఉపన్యాసము చేయక, తాము కార్పెంటర్సును వినుచు పెరిగితిమనియు, నేడు ఆస్కార్సుతో నిలిచితిమనియు ప్రాస కలిపి చెప్పి, కార్పెంటర్సువారి ప్రసిద్ధమైన పాట యొక్క వరుసలో తమ కృతజ్ఞతను పాడి వినిపించిరి. ప్రక్కన నిలిచిన చంద్రబోసుగారు తెలుగువాని మర్యాదగా ఒక్క 'నమస్తే' చెప్పి యూరకుండిరి. మన వార్తలలో కొన్ని చోట్ల ఆ కార్పెంటర్సు వడ్రంగులై, వారి చప్పుళ్లు వినుచు సంగీతము నేర్చితిమని కీరవాణిగారు చెప్పినట్లు ప్రచారమగుటయు, దానిపై మరల లోకము నవ్వుటయు ఈ కథకు కొసరు.

ఆ కార్పెంటర్సు వడ్రంగులు కారు, అన్నాచెల్లెండ్రు. అన్న రిచర్డ్ పియానో వాయించి స్వరములు కూర్చెడివాడు. చెల్లెలు కేరన్ మద్దెలవంటి డ్రమ్ములు వాయించుచు పాడెడిది. దేహము సన్నగిల్లవలెనను తపనతో ఆహారము విడుచు వ్యాధి ముదిరి 1983 ఫిబ్రవరిలో ఆమె తన 32వ యేట కాలధర్మము నొందినది. ఆ జంటలో మిగిలిన రిచర్డ్, కీరవాణిగారి పాట విని, తన కుమార్తెలను చెంత నిలుపుకొని, ఆ పాత పాటనే మాటలు మార్చి వారిని అభినందించుచు పాడి పంపెను. అంతవఱకు చలింపక నిలిచిన తమ అన్నగారు దానిని చూచి కన్నీరాపుకొనలేకపోయిరని రాజమౌళిగారు వ్రాసిరి.

ఇది ప్రేమతో ఆడిన చమత్కారము. కాని నవ్వులన్నియు నిట్టివి కావు. పాశ్చాత్య దేశములలో రాకు సంగీతమని యొకటి కలదు. గిటారులు, డ్రమ్ములు పెట్టుకొని నలుగురైదుగురు యువకులు గట్టిగా పాడు సంగీతమది. వారి జట్టును బ్యాండు అందురు. మన పెండ్లిండ్లకు వచ్చు బ్యాండుమేళమునకు ఒక మేస్త్రి యుండును. ఆతని మాటయే మాట. సన్నాయిమేళమునకును పెద్ద యుండును. రాకు జట్టులో నట్లు కాదు. అందఱును సమానులని పేరు. కాని పాట వ్రాసినవానికి ఎక్కువ సొమ్ము ముట్టును, పాడువానికి ఎక్కువ పేరు వచ్చును, వెనుక కూర్చుండి వాయించువాని ముఖమైన జనులు సరిగ చూడరు. ఉస్మాన్‌గంజున పప్పులు, బెల్లము, చింతపండు మొదలగు సరకుల టోకు బేరము చేయు పొత్తు దుకాణములను చూచినవారికి ఈ చిక్కు తేలికగా బోధపడును. దుకాణము పెట్టినప్పుడు భాగస్థులందఱు ఒకే కంచములో తిందురు. బేరము పెరిగినకొలది ఖాతాపుస్తకము లావగును, మాటలు సన్నగిల్లును. కడకు పైనున్న పలకమీద ఎవరి పేరుండవలెనను తగవు వచ్చును. గంజులోనైన విడిపోయిన భాగస్థులను పాతికేండ్ల తరువాత మరల పిలిచి, ఒకే వేదికపై నిలువబెట్టి, మీ పొత్తు ఎంత గొప్పదో నాలుగు మాటలు చెప్పుడని అడుగువారు లేరు. రాకు సంగీతమువారికి ఆ శిక్షయు ఉన్నది.

ఎట్లన, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అను కీర్తిమందిర మొకటి అమెరికాలో 1986 నుండి ఏటేట కొందఱు గాయకులను చేర్చుకొని సన్మానించుచున్నది. దానికొక నియమము కలదు: మొదటి పాట రికార్డు వెలువడి 25 ఏండ్లు నిండవలెను. ఇరువదియేండ్ల ప్రాయమున స్నేహితులై పాడినవారు ఆ సన్మానమునాటికి నలువదియైదేండ్ల సంసారులు. ఎప్పుడో విడిపోయినవారు, కోర్టుల కెక్కినవారు, ఒకరి పేరు చెప్పినచో ఒకరు ముఖము త్రిప్పుకొనువారు. అట్టివారిని ఆ నియమము ఒక రాత్రికి ఒక్కచోట చేర్చును. ఆ వేదికపై పుట్టిన హాస్యమంతయు అందువలన పుట్టినదే యని మా తలంపు.

1988 జనవరి 20వ తేదీన న్యూయార్కులో జరిగిన సభ చూడుడు. ఆ రాత్రి బీటిల్సు జట్టునకు సన్మానము. ఆ నలుగురిలో జాన్ లెనన్ 1980లో హత్యకు గుఱియై చనిపోయెను. మిగిలిన ముగ్గురిలో పాల్ మెకార్ట్‌నీ రాలేదు. తమలో వ్యాపారపు తగాదాలు తీఱలేదనియు, కలిసిమెలిసి యున్నట్లు నటించుచు చేతు లూపుట కపటముగ నుండుననియు ఆతడు వర్తమానము పంపెను. వచ్చినవారు రింగో స్టారు, జార్జి హారిసన్, లెనన్ భార్య యోకో ఓనో, లెనన్ కుమారు లిద్దఱు. హారిసన్ మన రవిశంకర్‌గారివద్ద సితారు నేర్చినవాడు. జట్టులో మాటలాడనివాడని పేరు పొందినవాడు. ఆతడు లేచి, తాను మౌనముగ నుండు బీటిలు గనుక ఎక్కువ చెప్పబనిలేదనియు, పాల్ రాకపోవుట విచారకరమనియు, ఏలయన ఉపన్యాసపు కాగితము ఆతని జేబులోనే యున్నదనియు అనెను. అంతే. సభ విరగబడి నవ్వెను. రానివానిని నిందింపలేదు, వచ్చినవానిని పొగడలేదు. కాని జట్టులో ఎవరు మాటలాడెడివారో, ఎవరు నోరు మూసికొని వాయించెడివారో ఆ ఒక్క వాక్యముతో అందఱికిని తెలిసిపోయెను.

అదే రాత్రి, అదే వేదికమీద, బీచ్ బాయ్స్ అను మఱియొక జట్టు. అది యొక కుటుంబము: విల్సన్ అన్నదమ్ములు ముగ్గురు, వారి మేనత్త కొడుకు మైక్ లవ్, వారి మిత్రు డొకడు. మన లెక్కన లవ్ ఆ యన్నదమ్ములకు బావ. వేళాకోళ మాడుటకు పుట్టుకతో హక్కు గలవాడు. ఆ హక్కు ఆతడు వాడుకొనలేదు. ప్రేమ, సామరస్యము అని మొదలు పెట్టి, సభకు రాని మెకార్ట్‌నీని తప్పుపట్టి, ఎదుట కూర్చున్న పేరుమోసిన గాయకులను ఒక్కొక్కరినే సవాలు చేయసాగెను. మొదట నవ్వినవారే కొంతసేపటికి తలలు వంచుకొనిరి. తుదకు వాద్యగాండ్రు వాయించుట మొదలు పెట్టి ఆతని గొంతు కప్పివేసిరి. ఆ పిమ్మట తన సన్మానము పుచ్చుకొన వచ్చిన బాబ్ డిలన్, తన పేరెత్తకుండ విడిచినందులకు మైక్ లవ్‌నకు కృతజ్ఞత చెప్పెను! సభలోని బిగువంతయు ఒక్కసారిగా సడలెను. శాంతి, ప్రేమ, సామరస్యము మంచివే కాని, క్షమయు కావలెనని కూడ డిలన్ చేర్చెను. ఆ చివరిమాట లవ్‌ను గుఱించి సభవారికి చెప్పినదో, సభవారిని గుఱించి లవ్‌నకు చెప్పినదో నేటికిని మాకు తెలియలేదు.

లవ్ కోపమున కారణము లేకపోలేదు. బీచ్ బాయ్స్ పాటలలో పెక్కింటికి మాటలు వ్రాయుటలో తన చేయి ఉన్నను తన పేరు వేయలేదని ఆతని ఫిర్యాదు. ఆ పాటల హక్కులు మొదట చూచినవాడు విల్సన్ల తండ్రి మర్రీ, అనగా లవ్‌నకు సొంత మేనమామ. మేనమామ మేనల్లుని పేరు మఱచిపోయిన కథ ఇది! 1994లో న్యాయస్థానమున లవ్ గెలిచెను. 35 పాటలలో ఆతనికి పాలు కలదని తేలెను. కాని 1988 నాటి రాత్రి ఆతడు చెప్పినదానిలో ఈ సంగతి ఒక్క ముక్కయైన వినువారి చెవి కెక్కలేదు. న్యాయము తనవైపు ఉండియు మాట చెడినందున ఆ రాత్రి అపహాస్యము పాలయ్యెను. మాకు ఆతనిపై జాలియే కలుగుచున్నది.

ఇక ఈ వ్యాసమునకు మూలమైన మాటకు వత్తుము. లెడ్ జెప్పెలిన్ అను ఆంగ్లేయ జట్టు 1968లో పుట్టినది. గిటారు వాయించు జిమ్మీ పేజ్, పాడు రాబర్ట్ ప్లాంట్, డ్రమ్ములు వాయించు జాన్ బానమ్, వెనుక నిలిచి మంద్రస్వరపు గిటారును, ఆర్గనును వాయించు జాన్ పాల్ జోన్స్, వీరు నలుగురు. 1980 సెప్టెంబరులో బానమ్ మరణించుటతో జట్టు ఆగిపోయినది. 1994లో పేజ్, ప్లాంట్ ఇద్దఱు తిరిగి కలిసి, పాత పాటలకు క్రొత్త రూపమిచ్చి టెలివిజనులోను, రికార్డుగాను వెలువరించిరి. జోన్సును పిలువలేదు. పిలువకుండుట యటుంచి, అట్టిదొకటి జరుగుచున్నదనియైన ఆతనికి చెప్పలేదు. పైగా ఆ రికార్డునకు పెట్టిన పేరు 'నో క్వార్టర్'. అదే పేరుగల వారి పాత పాట వన్నెకెక్కినది జోన్సు వాయించిన స్వరములవలననే. ఇంటివారు పెండ్లి చేయుచు, పెండ్లికి కావలసిన నగ ఒకరిది తెచ్చుకొని, ఆ నగ యజమానురాలికి శుభలేఖ పంపకపోయిన ట్లున్నది గదా!

మఱుసటి యేడు, 1995 జనవరి 12వ తేదీన, ఆ కీర్తిమందిరపు సభలో ముగ్గురును వేదికమీద నిలువవలసి వచ్చెను. బానమ్ పక్షమున ఆతని బిడ్డలు వచ్చిరి. జోన్స్ తన వంతు రాగా, ఎట్టకేలకు తన టెలిఫోను నంబరు జ్ఞాపకము చేసికొన్నందులకు తన మిత్రులకు వందనములని చెప్పెను. సభలో నవ్వు పుట్టెను. ప్రక్కన నిలిచిన ఆ యిద్దఱి ముఖములు ఎట్లుండెనో సోదరీమణులు ఊహించుకొనగలరు. జోన్స్ అంతకంటె ఆ విషయమున ఒక్క మాటయైన పెంచలేదు. ఆ రాత్రియే ముగ్గురును కలిసి వాయించిరి.

ఆ వాక్యమును మేము పలుమారులు తలచుకొంటిమి. దానిలో తిట్టు లేదు. మిత్రులనియే అన్నాడు. కృతజ్ఞతయే చెప్పినాడు. అయినను విన్నవారెవ్వరును మఱువలేని ఫిర్యాదు అది. ముఖ్యముగా ఆతడు దానిని వారి ఎదుట చెప్పెను, చాటున కాదు. పత్రికలవారికి ఏకాంతమున చెప్పియుండినచో అది కొండెమై యుండును. ఎదుట నిలిచి కోపముతో చెప్పియుండినచో మైక్ లవ్ గతి పట్టియుండును.

ఈ విద్య రాకు సంగీతమువారు కనిపెట్టినదని ఎవరైన అన్నచో మన తెలుగు స్త్రీలు ఒప్పుకొనరాదు. పెండ్లి భోజనముల వేళ వియ్యపురాలిని నడుమ కూర్చుండబెట్టి పాడు పాటలు మనకు లేవా? పెట్టిన చీర పలుచనైనదని, లాంఛనములలో లోటు జరిగినదని, మగపెండ్లివారు విడిదిలో ఆరగించిన లడ్డులకు లెక్క లేదని, ఎదురుగ కూర్చుండిన మనిషినే పేరుపెట్టి వెక్కిరింతురు. పాటగా పాడినారు గనుక కోపించినవారే చులకనయగుదురు. అవతలివారికిని బదులు పాడు హక్కు కలదు. అలకపాన్పునాడు అల్లుడు అలుగుటయు అట్టిదే. నిజమైన కోరికను ఉత్తుత్తి కోపముతో కప్పి చెప్పుట. మాట చెప్పుటకు చోటులేని ఆడువారు పాటలో చోటు చేసికొనిరి. ఆ పాటలవలన తీఱిన మనసులు ఎన్నో, తీఱక మిగిలినవి ఎన్నో చెప్పజాలము గాని, నాలుగు దినముల పెండ్లిలో రెండు కుటుంబములు కొట్లాడుకొనకుండ గడచుటకు అవి కొంత తోడ్పడెననుట నిశ్చయము. మన బుఱ్ఱకథలో కథకుని ప్రక్కనుండు ఇద్దఱు వంతలలో ఒకనిని హాస్యపు వంత యందురు. కథకుడు ఎంత గొప్పవాడైనను ఆతనిని నడుమ ఆపి ఎగతాళి చేయుట ఆ వంతకు అప్పగించిన పని. జట్టులోనే హాస్యమునకు ఒక పీట వేసి యుంచిన మన పెద్దల తెలివిని పాశ్చాత్యులు ఎఱిగినచో వారి జట్లు కొన్నియైన నిలిచియుండెడివేమో!

హాస్యము ఎల్లప్పుడును పని చేయుననియు అనరాదు. మన హైదరాబాదులోనే 2007 జనవరిలో తెలుగు చలనచిత్ర పరిశ్రమ 75 ఏండ్ల వజ్రోత్సవము జరుపుకొన్నది. సన్మానితులలో కొందఱిని 'లెజెండ్'లనియు, కొందఱిని 'సెలెబ్రిటీ'లనియు రెండు పంక్తులుగ విభజించిరి. చిరంజీవిగారికి మొదటి పంక్తిలో పీట వేసిరి. మోహన్‌బాబుగారికి రెండవ పంక్తిలో. మోహన్‌బాబుగారు వేదికపైననే ఆ రెండు మాటలకును భేదమేమని వ్యంగ్యముతో ప్రశ్నించిరి. వ్యంగ్యము క్రమముగ వేడెక్కెను. పండుగ సభ వివాదసభగ మాఱెను. ఆ ప్రశ్నలో న్యాయము లేదని మేమనము. ఒకే భోజనపు సాలలో కొందఱికి వెండికంచము, కొందఱికి విస్తరాకు వేసినచో ఏమగునో గృహిణు లెఱుగుదురు. ఆ వడ్డన చేసినవారిదే ముందు తప్పు. చిరంజీవిగారు నొచ్చుకొని, తమకిచ్చిన బహుమానమును, భావికాలమువారికై భద్రపఱచు పెట్టెలో వేసి, దానికి తాము తగుదుమని అందఱును తలచిననాడు తీసికొందునని చెప్పిరి.

ఆ పెట్టె మాట అంతటితో పోలేదు. 2024 అక్టోబరు 28వ తేదీన హైదరాబాదున అమితాబ్ బచ్చన్‌గారి చేతిమీదుగ అక్కినేని నాగేశ్వరరావుగారి పేరిటి పురస్కారము అందుకొనునప్పుడు చిరంజీవిగారు ఆనాటి సంగతి తామే జ్ఞాపకము చేసిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతను తలక్రిందులు చేసి, తాము ముందు రచ్చ గెలిచి, నేటికి ఇంట గెలిచితిమను భావము వచ్చునట్లు పలికిరి. పదునేడేండ్లు కడుపులో ఉంచుకొన్న మాట సామెతను త్రిప్పివేసిన చమత్కారముగ బయటికి వచ్చినది. 2007లో ఇట్టి మాటయే అటునుండిగాని ఇటునుండిగాని వచ్చియుండినచో ఆ రాత్రి వేఱుగ గడచెడిదని మా తలంపు.

ఈ సందర్భమున రష్ అను కెనడా జట్టువాని కథ ఒకటి చెప్పి ముందుకు పోదుము. వారిలో వారికి తగవు లేదు. తగవంతయు ఆ కీర్తిమందిరముతోనే. అర్హత వచ్చియు చాల యేండ్లు వేచియుండి, 2013లో పిలుపు రాగా, గిటారు వాయించు అలెక్స్ లైఫ్‌సన్ లేచి రెండు నిమిషములకు పైగా 'బ్లా, బ్లా, బ్లా' అను ఒక్క శబ్దమునే పలుకుచు, తమ బాల్యము, కష్టములు, వేచియుండుట, పిలుపు, ఆనందము అంతయు చేతులతోను ముఖముతోను అభినయించెను. వెనుక నిలిచిన మిత్రులు ఇద్దఱును వీనికి మతి పోయినదా యన్నట్లు చూచిరి. మన వీథిభాగవతుల ప్రజ్ఞకు అది తీసిపోదు.

మరల పేర్ల సంగతికి వత్తుము. ఏలయన ఈ గొడవలన్నింటికిని వేరు అక్కడనే యున్నది. ఆస్కారు వచ్చిన కొలది దినములకు గాయకుడు కాలభైరవ తనకు ఆ వేదికపై పాడు అవకాశము దొరకుటకు కారణమైనవారికి కృతజ్ఞత చెప్పుచు ట్విట్టరులో ఒక లేఖ ప్రకటించెను. తండ్రి, పినతండ్రి, ఇంటివారు, నాట్యము కూర్చినవారు అందఱును అందుండిరి. కథానాయకు లిద్దఱి పేర్లు లేవు. వారి అభిమానులు ఆగ్రహించిరి. పాట విజయమునకు వారిద్దఱు కారణమనుటలో తనకు సందేహము లేదనియు, తాను చెప్పినది తనకు వచ్చిన అవకాశమును గుఱించి మాత్రమేననియు తెలిపి, ఆ యువకుడు క్షమాపణ చెప్పుకొనెను. రెండు నెలల క్రిందటనే తండ్రి ఆ పేర్లన్నియు వేదికపై చదివియుండెను గదా! అయినను లెక్కలోనికి రాలేదు. పెండ్లిపిలుపులలో ఒక గడప తప్పినచో ఆ గడపవారికి మిగిలిన నూఱు గడపల పిలుపు కనబడదు.

పేరు మఱవని జంటయు మన తెలుగునాట నుండినది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తిరుపతి వేంకటకవులను జంటపేరుతో శతావధానములు చేయుచు సంస్థానములెల్ల తిరిగి సన్మానములు పొందిరి. ఆ సన్మానసభలలో వారి చమత్కారమునకు కొదువ లేదు. మీసములెందుకు పెంచితిరని ఆక్షేపించినవారికి, తమ్ము గెలిచిన కవి కనబడినచో ఆ మీసములు తీసి మ్రొక్కుదుమని పద్యముతో బదులు చెప్పిన కథ ప్రసిద్ధము. అవధానమున అప్రస్తుతప్రసంగి యొకడుండి పనికిరాని ప్రశ్నలతో మతి చెదరగొట్టుచుండగా నవ్వుతో బదులు చెప్పుట అలవడినవారికి సభలో ఆడు మాట తడుముకొననక్కఱలేదు. జంటలో ఏ పద్యము ఎవరిదని అడుగుటకు చదువరులకును వీలు లేకుండెను. 1920లో తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైరి. వేంకటశాస్త్రిగారు ఆ తరువాత 30 ఏండ్లు జీవించి, ఆస్థానకవియై, 1950లో కాలము చేసిరి. ఆ ముప్పదియేండ్లలోను తమ రచనలు పెక్కింటిని వారు జంటపేరుతోనే వెలువరించుచు వచ్చిరి.